కేసెట్ షాపులో నింపించుకున్న పాటలు: ముప్ఫై ఏళ్ల వాడకం తర్వాత

కంపెనీలు పాటలతో అమ్మినవి కాకుండా, నా దగ్గర ఇంకా నలభై ఒక్క కేసెట్లు మిగిలాయి. అన్నీ మా వీధి మలుపులో ఉండే రికార్డింగ్ షాపులో నింపించుకున్నవే. షాపు ఎప్పుడో ఎత్తేశారు. కేసెట్లు మాత్రం మూడు ఇళ్లు మారినా నాతోనే వచ్చాయి. ఈమధ్య కేసెట్లు పాడించే పాత డెక్కు ఒకటి బాగు చేయించుకుని రెండు నెలలుగా వరసపెట్టి వింటున్నాను. వీటిని ఉంచుకోవాలా, పారేయాలా అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఆ షాపు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కావలసిన పాటలు కాగితం మీద రాసి ఇస్తే, షాపతను రెండు మూడు రోజుల్లో నింపి ఇచ్చేవాడు. కాగితం తీసుకోగానే పెదాలు కదుపుతూ లెక్క వేసేవాడు. అరవై కేసెట్ అంటే సైడుకు 30 నిమిషాలు. పాట ఐదు నిమిషాలనుకుంటే ఆరు పాటలు. "ఏడోది పట్టదు తమ్ముడూ, ఏది తీసేయమంటావో చెప్పు" అనేవాడు. ఆ ఒక్క పాట తేల్చుకోవడానికి షాపు మెట్ల మీద కూర్చుని గంటసేపు కొట్టుకునేవాళ్లం. అసలు కేసెట్ నింపించుకునేది ఒకడే, సలహాలిచ్చేది నలుగురు. కొత్త పాటలొస్తే కొనకుండానే మొత్తం అక్కడే వినేసేవాళ్లం. "పనీపాటా లేదా మీకు" అని కసిరేవాడు గానీ, సౌండు మాత్రం తగ్గించేవాడు కాదు.

ఇక వాడకం విషయానికి వస్తే, నలభై ఒకటిలో ముప్ఫై నాలుగు ఇప్పటికీ శుభ్రంగా పాడుతున్నాయి. నేను ఇంత ఆశించలేదు. పాడైన ఏడింటిలో నాలుగింటికి రీలు తప్పు కాదు. రీలు మీది పాటను చదివే హెడ్డుకు రీలును ఆనించి ఉంచే చిన్న దూది మెత్త ఉంటుంది చూడండి, దాని జిగురు ఆరిపోయి ఊడింది. పనిచేయని కేసెట్ నుంచి ఇంకో మెత్త తీసి అతికిస్తే రెండు బతికాయి. రెండింటి గుల్లకు స్క్రూలు లేవు, విప్పబోతే పగిలాయి.

అరవై నిమిషాల కేసెట్లకు, తొంభై నిమిషాల వాటికి మన్నికలో తేడా స్పష్టంగా తెలిసింది. గుల్ల ఒకటే సైజు కాబట్టి, ఎక్కువ నిమిషాలు పట్టాలంటే రీలును పల్చన చేయడం తప్ప దారి లేదు. అరవైలో రీలు మందం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), తొంభైలో 12, నూట ఇరవైలో 9. అప్పట్లో నూట ఇరవై కొన్నవాడిని మేము గొప్పవాడనుకునేవాళ్లం. షాపతను మాత్రం "అది రీలు కాదు, ఉల్లిపొర" అనేవాడు. నేను వినకుండా ఒకటి నింపించుకున్నాను. మూడో వారానికే మా టేప్ రికార్డర్ దాన్ని నమిలేసింది. మూత తీస్తే రోలర్ చుట్టూ గోధుమరంగు మడతలు. పెన్సిల్ పెట్టి ఎంత చుట్టినా, నలిగిన చోట గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు వినిపించేది. నాకు తెలిసి ఆ కేసెట్ గురించి అతను నన్ను ఎప్పుడూ ఎత్తిపొడవలేదు, ఒక్కసారి నవ్వాడంతే.

తొంభై నిమిషాల కేసెట్లలో ఇంకో వింత ఉంది. పాట మొదలయ్యే ముందు, నిశ్శబ్దంలో, అదే పాట మొదటి మాట ఎక్కడో పక్కింట్లో పాడినట్టు సన్నగా వినిపిస్తుంది. చుట్టలో ఒక పొర మీద ఉన్న అయస్కాంతపు ముద్ర పక్క పొరకు అంటుకోవడం వల్ల వచ్చే తిప్పలిది. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే పెరుగుతుంది. అందుకే పాత కేసెట్ తీయగానే ప్లే నొక్కకండి. ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. ఆ గొణుగుడు కొంత తగ్గుతుంది, పొరలు అతుక్కుని ఉంటే విడిపోతాయి కూడా.

సైజు గురించి ఫిర్యాదే లేదు. 1963లో ఫిలిప్స్ వాళ్లు దీన్ని బెర్లిన్‌లో బయటపెట్టారు. దానికి ముందు ఆ బృందం పెద్ద లూ ఒట్టెన్స్ తన కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి చేయించుకుని, దాన్నే కొలతగా పెట్టుకున్నాడట. కోటు మాకెక్కడిది గానీ, షాపు నుంచి ఇంటికి చొక్కా జేబులోనే వచ్చేది. దారి పొడుగునా చేత్తో తడుముకోవడమే.

అన్నిటికన్నా నేను ఎదురుచూసేది సైడు చివర. ఆరు పాటలయ్యాక రెండు మూడు నిమిషాల రీలు మిగిలేది. దాన్ని ఖాళీగా వదిలితే అతనికి మనసొప్పేది కాదు. తనకు నచ్చిన పాట ఏదో ఒకటి పెట్టి, రీలు అయిపోయే ముందు చేత్తో మెల్లగా సౌండు తగ్గించేవాడు. ఆ పాట పేరు అట్ట మీద ఉండదు. అప్పట్లో నాకు ఒళ్లు మండేది, నేను అడగని పాట నా కేసెట్లో ఎందుకని. ఇప్పుడు చూస్తే, నేను ఏరికోరి రాసిచ్చిన పాటల్లో సగం వినలేకపోతున్నాను. అతను పెట్టిన సగం సగం పాటలు మాత్రం పూర్తిగా ఎక్కడ దొరుకుతాయా అని వెతుక్కుంటున్నాను.

పెద్ద లోపం ఒకటి చెప్పాలి. డెక్కు బాగై వచ్చాక మొదట విన్నప్పుడు ఈ కేసెట్లన్నీ దుప్పటి కప్పినట్టు పాడాయి. కంపెనీ కేసెట్లు మాత్రం గలగలా పలికాయి. రికార్డింగ్ నాసిరకమని తీర్మానించుకున్నాను కూడా. స్పిరిట్‌తో హెడ్డు తుడిచినా తేడా లేదు. తర్వాత తెలిసింది, రికార్డు చేసిన మెషీన్లో హెడ్డు ఏ కోణంలో ఉందో, వినే మెషీన్లోనూ అదే కోణంలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్థాయి శబ్దాలు పోతాయి. అతని డెక్కులో హెడ్డు కాస్త వంకర అన్నమాట. అన్నిటికీ అదే డెక్కు, అదే వంకర.

హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. పాట నడుస్తుండగానే సన్న స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టు కూడా కాదు, కొద్దిగా తిప్పాను. ముందు ఇంకా మూగబోయింది. వెనక్కి తిప్పితే తాళాల చప్పుడు వచ్చింది, ఆ వెంటనే గాయని ఊపిరి తీసుకోవడం వినపడింది. అక్కడే ఆపేశాను. ఇప్పుడు కంపెనీ కేసెట్లు కాస్త మూగగా పాడుతున్నాయి. పాడనీ, ఆ స్క్రూ జోలికి మళ్లీ పోదలచుకోలేదు.