కొండకు ఏ స్వెటర్ మేలు: గుండీలదా, తలమీంచి తొడిగేదా?

కార్తీకం వచ్చిందంటే చాలు, నా ఫోన్‌కు ఒకటే ప్రశ్న. "కొండ మీద చలి ఎట్లుంది? స్వెటర్ తెచ్చుకోవాల్నా?" తిరుపతిలో ఇల్లున్న పాపానికి మాలాంటి వాళ్లు జీతం లేకుండా వాతావరణ శాఖ ఉద్యోగం చేయాలి. ఒకప్పుడు "తెచ్చుకోండి" అంటే సరిపోయేది. ఇప్పుడు అందరూ ఫోన్లోనే కొంటున్నారు, అక్కడ ఒక్కోదానికి ఒక్కో పేరు. మొన్న గుంటూరు నుంచి మా తోడల్లుడు నాలుగు ఫోటోలు పంపి, "అన్నా, కార్డిగన్ అంట, పుల్లోవర్ అంట, జంపర్ అంట, హూడీ అంట. వీటిలో స్వెటర్ ఏది?" అని అడిగాడు. పాపం, టెన్షన్‌లో ఉన్నాడు. పిల్లోడి పుట్టువెంట్రుకల మొక్కు ఉంది, వచ్చేది డిసెంబరులో.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. ముందువైపు గుండీలుండి చొక్కా మాదిరి తొడుక్కునేది కార్డిగన్. ముందు తెరుచుకోకుండా తలమీంచి లాక్కోవాల్సింది పుల్లోవర్. దాన్నే ఇంగ్లండులో జంపర్ అంటారు, కాబట్టి ఆ రెండు ఫోటోలూ ఒకే సరుకు. చేతుల్లేకుండా, వి ఆకారం మెడతో, బ్యాంకు గుమాస్తాలు చొక్కా మీద వేసుకునేదాన్ని మనం హాఫ్ స్వెటర్ అంటాం. మెడ పొడుగ్గా ఉండి మడత పడితే టర్టిల్ నెక్. హూడీ అసలు ఉన్ని అల్లికే కాదు. లోపల నూగున్న మందపాటి బనీను గుడ్డను కత్తిరించి కుడితే స్వెట్‌షర్ట్, దానికి వెనక టోపీ తగిలిస్తే హూడీ. అంతే.

ఈ పేర్లలో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. రష్యాతో ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీ క్రిమియాలో యుద్ధం చేస్తున్నప్పుడు, 1854 అక్టోబరు 25న బాలక్లావా అనే ఊరి దగ్గర పెద్ద పోరు జరిగింది. ఆ రోజు ఫిరంగులకు ఎదురుగా గుర్రాలను ఉరికించిన ఇంగ్లీషు దళానికి నాయకుడు ఏడో కార్డిగన్ ప్రభువు. గుండీల స్వెటర్‌కు ఆయన పేరే. మన మంకీ క్యాప్‌ను ఇంగ్లీషువాళ్లు ఆ ఊరి పేరుతో బాలక్లావా అంటారు. వాళ్ల సేనాధిపతి రాగ్లాన్ ప్రభువుకు అంతకుముందే వాటర్లూలో కుడిచెయ్యి పోయింది. భుజం మీద అడ్డకుట్టు లేకుండా, మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టే చేతులకు రాగ్లాన్ చేతులని పేరు. శిలాతోరణం దాకా సాగిన క్యూలో, తెల్లారుజామున గుండీల స్వెటర్, మంకీ క్యాప్ వేసుకుని గోవిందా అంటున్న మన పెద్దాయన ఒంటి మీద సగం క్రిమియా యుద్ధం ఉంటుంది. ఆయనకేం తెలుసు!

ఇక ఏది మేలు? నన్నడిగితే వెచ్చదనం రెండో మాట. మొదటి మాట, ఎంత తేలిగ్గా విప్పొచ్చు అన్నది.

ఎందుకంటే తిరుమల ఊటీ కాదు. సముద్రమట్టానికి దాదాపు 2,800 అడుగులు, అంతే. గడ్డకట్టించే చలి కాదు. కానీ కొండకు పోయి వచ్చేలోపు ఒళ్లు నాలుగైదు సార్లు కాగుతుంది, చల్లబడుతుంది. అలిపిరిలో తెల్లారుజామున మొదలుపెట్టండి. 3,550 మెట్లు. పాదాల మండపం దగ్గర వణికినవాళ్లకే రెండొందల మెట్లెక్కేసరికి చొక్కా వీపుకంటుకుంటుంది. గాలిగోపురం దాకా చెమటే. అది దాటి చదును దారిలో పడ్డాక, తడిసిన ఒంటి మీద గాలి కొడుతుంది చూడండి, అసలు చలి అదీ. అక్కడ స్వెటర్ కావాలి. మోకాళ్ల పర్వతం రాగానే మళ్లీ విప్పాలి. పైకెళ్లాక మళ్లీ వేసుకోవాలి. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు తక్కువే, కానీ ఎక్కుడు నిటారు. అక్కడ చెమట ఇంకా తొందరగా పడుతుంది.

క్యూ కూడా అంతే. బయట వరుసలో నిలబడితే మంచు తుంపర. వైకుంఠం కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ తలుపు వేశాక కొన్ని వందల మంది ఊపిరి ఒక్క గదిలో. పది నిమిషాలకు అందరూ స్వెటర్లు విప్పడం మొదలుపెడతారు.

అక్కడే చూశాను నేను, మా పిన్నమ్మ అవస్థ. ముందటేడు ధనుర్మాసంలో కొడుకు కొనిచ్చిన కొత్త పుల్లోవర్ వేసుకొచ్చింది. మెరూన్ రంగు, గుండ్రటి బిగుతు మెడ. జడలో పూలు, చెవులకు జుంకాలు, కళ్లద్దాలు. ఉక్కపోస్తోందని విప్పబోయింది. తల సగం లోపలికి పోయాక ఒక జుంకా అల్లికలో చిక్కుకుంది. చేతులు పైకి, మొహం కనబడదు, లోపల్నుంచి "ఒరే, ఒరే" అని మాట. పక్కన కూర్చున్న తమిళావిడ లేచి, ఒక్కో పోగూ వేలితో తప్పించి చెవి విడిపించింది. పూలన్నీ నేలపాలు. స్వామి దగ్గరికి రేగిన జుట్టుతో వచ్చానని ఆమె ఇప్పటికీ అంటుంది. చీర కట్టుకునేవాళ్లకైతే ఇంకో చిక్కు: పుల్లోవర్ పైకి లాగితే పైట పిన్ను కూడా దాంతోపాటే వస్తుంది. కార్డిగన్ అయితే కూర్చున్నచోటే గుండీలు తీసి, చేతులు లాగేసి, మడిచి ఒళ్లో పెట్టుకుంటారు.

మొక్కు ఉన్నవాళ్లకైతే నేను రెండో ఆలోచనే లేదంటాను. కళ్యాణకట్టలో గుండు గీయించి, స్నానం చేయించి, తలకు గంధం పూసిన పిల్లాడికి తలమీంచి స్వెటర్ తొడగడం ఎలాగుంటుందో మా మేనల్లుడిని పట్టుకుని నేనే చూశాను. కొత్తగా గీసిన తల, ముట్టుకుంటే చాలు ఏడుస్తాడు. గరుకు మెడ దాని మీదుగా దిగుతుంటే వాడు పెట్టిన కేకకు పక్క వరుసలో మంగలాయన కూడా కత్తి ఆపి చూశాడు. ఆ స్వెటర్ మెడ లోపల పసుప్పచ్చటి గంధం మరక ఇప్పటికీ ఉంది. గుండుకు మంకీ క్యాప్ మంచిదే, కానీ ముందు మెత్తటి నూలు గుడ్డ చుట్టి, ఆ పైన తొడగండి.

పుల్లోవర్‌ను మరీ తీసిపారేయను. బండి మీద పోయేవాళ్లకు అదే రాజు. ముందు సందు ఉండదు కాబట్టి ఛాతీకి గాలి తగలదు. కార్డిగన్‌కు గుండీ గుండీకీ మధ్య ఒక కిటికీ. మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్‌కు బైకు మీద పోతే ఆ కిటికీల విలువ తెలుస్తుంది. అది నాలుగు వేల అడుగుల పైన, సాయంత్రమైతే నిజమైన చలి. అక్కడ ఒకసారి వేసుకుంటే మళ్లీ గదికి పోయేదాకా విప్పే పని ఉండదు. నాకూ ఒక బూడిదరంగు పుల్లోవర్ ఉంది, దానికోసమే.

మిగతావి: హాఫ్ స్వెటర్ కొండ దిగువన తిరుపతికి, చిత్తూరుకు చాలు. టర్టిల్ నెక్ మన ఊళ్లకు ఎందుకో నాకు అర్థం కాదు. హూడీ తడిస్తే ఆరదు. జిప్పుది కూడా కార్డిగన్ లాంటిదే, మగవాళ్లకు బాగుంటుంది. ఆడవాళ్లు మాత్రం జాగ్రత్త, జిప్పు పళ్లలో పైట అంచు పడితే పట్టుచీరైనా ఒదలదు. శాలువా ముసలివాళ్లకు హాయి, కానీ తోపులాటలో జారిపోతుంది.

దారం మాట ఒకటి చెప్పాలి. మనకు దొరికే చౌక స్వెటర్లు చాలావరకు యాక్రిలిక్. మా చిన్నప్పుడు చలికాలం రోడ్డు పక్కన తాళ్లకు స్వెటర్లు వేలాడదీసి అమ్మిన టిబెటన్ల దగ్గర కొన్నవీ, ఇప్పటి షాపులవీ చాలామటుకు లూధియానా నుంచి వచ్చినవే. యాక్రిలిక్ తేలిక, ఉతకడం సులువు, పురుగు కొట్టదు. కానీ చెమటను పీల్చదు. అసలు ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. మెట్లెక్కేవాళ్లకు ఆ తేడా గాలిగోపురం దగ్గరే తెలుస్తుంది. ఏది ఏదో తెలియకపోతే లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసనొచ్చి బూడిదైతే ఉన్ని, కరిగి గట్టి పూసలా ముద్దకడితే యాక్రిలిక్. ఉన్నిదాన్ని వేడినీళ్లలో మాత్రం ముంచకండి. మా ఇంట్లో అలా ఒకటి బొమ్మ చొక్కా అయింది.

కొనేటప్పుడు కార్డిగన్‌లో చూడాల్సింది గుండీల పట్టీ. రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ లాగండి. పట్టీ అలల్లా సాగిపోతే నాలుగు ఉతుకులకు ముందు భాగం వేలాడుతుంది. లోపల చిన్న కవర్లో అదనపు గుండీ ఉంటే పారేయకుండా దాచుకోండి.

నడిచి ఎక్కేవాళ్లకు ఇంకొక్కటి. అలిపిరిలో లగేజీ ఉచితంగా పైకి చేరుస్తారని స్వెటర్లను కూడా ఆ బ్యాగులోనే పెట్టి ఇచ్చేస్తారు చాలామంది. బ్యాగు మీకంటే ముందు పైకి పోయి వెచ్చగా కూర్చుంటుంది. స్వెటర్‌ను నడుముకు కట్టుకోండి. మా తోడల్లుడికి కూడా ఇదే చెప్పి, ఆ నాలుగు ఫోటోల్లో మొదటిది తీసుకోమన్నాను, నీలంది, ఆరు గుండీలది. "రంగు పిల్లోడి అమ్మకు నచ్చలేదన్నా" అని జవాబు వచ్చింది. అది వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి.