జేక్వెరీ యూఐ డేట్‌పికర్: మిర్చి బాండ్ల దగ్గర ఆరేళ్లు వాడాక

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చి, దాని బాగోగులు కూడా నేనే చూస్తున్నాను. రైతు మిర్చి టిక్కీలు దింపగానే కాటా వేసి, తారీఖు కొట్టి, బాండు, అంటే సరుకు దింపినట్టు రశీదు, ప్రింటు తీసి చేతికిస్తారు. ఆ తారీఖు గడిలో తెరుచుకునే చిన్న క్యాలెండరే ఈ డేట్‌పికర్. వెబ్ పేజీల కోసం రెడీమేడ్‌గా దొరికే జేక్వెరీ యూఐ అనే జావాస్క్రిప్ట్ కోడ్‌లో ఇదొక భాగం. 2019 ఏప్రిల్ 1న, కొత్త ఆర్థిక సంవత్సరంతో పాటే మొదలుపెట్టాం. ఈ రోజుకీ అదే నడుస్తోంది. వాడొచ్చా అని ఎవరైనా అడిగితే వాడమనే చెబుతాను. కానీ దానికి తారీఖు ఎలా ఇవ్వాలో, దాన్నుంచి ఎలా తీసుకోవాలో తెలియక మొదటి వారంలోనే నేను చేసిన తప్పు ముందు చెప్పాలి.

ఏప్రిల్ 8, సోమవారం. అమరావతి వైపు నుంచి ఒక పెద్దాయన బాండు పట్టుకుని వచ్చాడు. దాన్ని చూపించి అప్పు అడిగితే, మే నెలలో దింపే సరుకుకి ఇప్పుడే బాండు ఎలా వచ్చిందని అడిగి అప్పిచ్చేవాళ్లు తిప్పి పంపారట. "కొత్త అమావాస్య నాడు దింపాను బాబూ. ఆ రోజు లారీ అతను రానంటే బతిమాలి తెచ్చుకున్నా. మే అని రాశారేంటి?" అన్నాడు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 6. అంటే ఆయన దింపింది 5వ తారీఖు శుక్రవారం. బాండు మీదేమో 04-05-2019 అని ఉంది.

స్క్రీన్ మీద గుమాస్తా కొట్టింది 05/04/2019. అది సరైనదే. డేట్‌పికర్ కూడా దాన్ని ఏప్రిల్ 5 గానే చదివింది. తేడా వచ్చింది నేను రాసిన చోట. గడిలో కనిపించే అక్షరాలను అలాగే సర్వర్‌కి పంపి, అక్కడ పీహెచ్‌పీలోని ఎస్టీఆర్‌టుటైమ్ ఫంక్షన్ చేతిలో పెట్టాను. అక్షరాల్లో ఉన్న తారీఖుని కంప్యూటర్ లెక్కలోకి మార్చేది అదే. మధ్యలో ఏటవాలు గీత (/) ఉంటే అది అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు అని చదువుతుంది. అదే హైఫన్ (-) ఉంటే మన పద్ధతిలో చదువుతుంది. ఒక్క గీత తేడాతో ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే 1వ తారీఖు సరుకంతా జనవరి 4 కింద, 2వ తారీఖుది ఫిబ్రవరి 4 కింద ఉంది. ఆ వారంలో సరిగ్గా ఉన్నది 4వ తారీఖు ఒక్కటే, అక్కడ రోజూ నెలా ఒకే అంకె కాబట్టి. 13వ తారీఖు వచ్చి ఉంటే పదమూడో నెల లేదు కనుక ఫంక్షన్ చేతులెత్తేసి, రికార్డులో 1970 జనవరి 1 పడేది. అది ఎవరికైనా కంట్లో పడుతుంది. 12లోపు తారీఖులు మాత్రం చడీచప్పుడు లేకుండా మారిపోతాయి. ఆ పెద్దాయన రాకపోతే ఇంకా ఎన్ని బాండ్లు అలా వెళ్లేవో తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. మనిషి చూసే తారీఖు వేరు, డేటాబేస్‌కి వెళ్లే తారీఖు వేరు. డేట్‌పికర్‌లో ఆల్ట్‌ఫీల్డ్, ఆల్ట్‌ఫార్మాట్ అని రెండు సెట్టింగులు ఉన్నాయి. కనిపించే గడిలో రోజు-నెల-సంవత్సరం ఉంటుంది. కనిపించని ఇంకో గడిలో అదే తారీఖు సంవత్సరం-నెల-రోజు వరసలో పడుతుంది. సర్వర్ ఆ రెండో గడినే చదువుతుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను దీన్ని వదల్లేదు.

ఫార్మాట్ అక్షరాల దగ్గర ఒక మెలిక ఉంది. ఇందులో 'వై' రెండుసార్లు రాస్తేనే నాలుగంకెల సంవత్సరం. మిగతాచోట్ల అలవాటు కొద్దీ నాలుగు వైలు రాస్తే 20192019 అని వస్తుంది. ఏమీ మార్చకుండా వదిలేస్తే అమెరికా వరసే, ముందు నెల. మన దగ్గర పెట్టేటప్పుడు మొట్టమొదట మార్చాల్సింది అదే.

పాత రికార్డు తెరిచి దిద్దేటప్పుడు ఇంకో ఇబ్బంది. డేటాబేస్ నుంచి వచ్చిన 2019-04-05 ని గడిలో అలాగే పెట్టేస్తే, దాని ఫార్మాట్‌కి పొసగక చదవలేకపోతుంది. ఎర్రర్ కూడా చూపించదు. ఊరికే ఇవాళ్టి నెల దగ్గర తెరుచుకుంటుంది. అందుకే ముందు పార్స్‌డేట్‌తో ఆ అక్షరాలను నిజమైన తారీఖుగా మార్చి, దాన్ని గడిలో తారీఖు పెట్టే సెట్‌డేట్‌కి ఇస్తాను. అలా చేశాక ఒక్కసారి కూడా పొరపాటు రాలేదు. సెట్‌డేట్‌తో మనం పెట్టిన తారీఖుకి, చేత్తో ఎంచగానే నడిచే ఆన్‌సెలెక్ట్ పలకదని మాత్రం గుర్తుంచుకోవాలి. అప్పు తారీఖు నుంచి గడువు లెక్కకట్టే కోడ్ నేను ఆన్‌సెలెక్ట్‌లో రాశాను. చేత్తో ఎంచితే గడువు వచ్చేది, ప్రోగ్రాం పెడితే ఖాళీగా ఉండేది. ఆ లెక్కని విడిగా ఒక ఫంక్షన్‌లో రాసి, రెండు చోట్లా పిలిచాను.

తారీఖుని అక్షరాలుగా మార్చడానికి జావాస్క్రిప్ట్‌లోని టుఐఎస్‌ఓస్ట్రింగ్ వాడొద్దు. అది గ్రీనిచ్ టైములో రాస్తుంది. మనకి రాత్రి పన్నెండు అంటే అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరున్నర, కాబట్టి ఒక రోజు వెనక్కి పోతుంది. డేట్‌పికర్ సొంత ఫార్మాట్‌డేట్ ఉంది, అది చాలు.

గుమాస్తాకి బాగా నచ్చింది 'నిన్న' బటన్. సీజన్‌లో లారీలు రాత్రి పదకొండింటికి వస్తే కాటా అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది. "అన్నా, నిన్న అని ఒక బటన్ పెట్టు, నిద్రమత్తులో వెతుక్కోలేకపోతున్నా" అన్నాడు. సెట్‌డేట్‌కి మైనస్ ఒకటి ఇస్తే సరిపోయింది. అయితే ఈ లెక్క కంప్యూటర్ గడియారాన్ని బట్టే ఉంటుంది. కాటా దగ్గరున్న పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా 'ఇవాళ' ఎక్కడెక్కడికో వెళ్లిపోయేది. ఇప్పుడు ఇవాళ్టి తారీఖు సర్వర్ నుంచే తెచ్చుకుంటున్నాను.

లోపాలు లేకపోలేదు. గడిలోది బ్యాక్‌స్పేస్‌తో చెరిపేస్తే, కనిపించని ఆల్ట్‌ఫీల్డ్‌లో పాత తారీఖు అలాగే ఉండిపోతుంది. సేవ్ చేసేముందు నేనే చూసి తుడవాల్సి వచ్చింది. ఆల్ట్‌ఫార్మాట్ ఒక్కటే పెట్టగలం, నాకేమో రెండు కావాలి: డేటాబేస్‌కి అంకెలు, బాండు మీదకి "శుక్రవారం, 5 ఏప్రిల్ 2019". నెలల పేర్లు, వారాల పేర్లు తెలుగులో రాసిచ్చి, రెండోదాన్ని ఫార్మాట్‌డేట్‌తో విడిగా తయారుచేస్తున్నాను. బాండు మీద నెల పేరు అక్షరాల్లో పడ్డప్పట్నుంచి రైతులు అక్కడే చూసి సరిచూసుకుంటున్నారు. 2021 అక్టోబరులో జేక్వెరీ యూఐ 1.13.0 వచ్చింది. ఆల్ట్‌ఫీల్డ్ ద్వారా బయటి కోడ్ దూరే లోపాన్ని అందులో సరిచేశారు. ఇంకా 1.12 దగ్గరే ఉన్నవాళ్లు వెంటనే మార్చుకోండి.

బ్రౌజర్‌లో వచ్చే డేట్ గడి కూడా పెట్టి చూశాను. లోపలి విలువ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజే, అది మంచిదే. పైకి కనిపించే వరస మాత్రం ఆ కంప్యూటర్ సెట్టింగుని బట్టి మారుతుంది, మన చేతిలో లేదు. మా ఆఫీసులో పక్కపక్కనున్న రెండు కంప్యూటర్లలో ఒకదానిలో రోజు ముందు, ఇంకోదానిలో నెల ముందు కనిపించాయి. ఆ పెద్దాయన బాండు గుర్తొచ్చి అదే రోజు తీసేశాను. ఓనరు ఫోన్‌లో చూసుకునే పేజీకి మాత్రం అదే ఉంచాను. ఫోన్ తెర మీద డేట్‌పికర్ గళ్లు వేలికి చిన్నవైపోతాయి, కీబోర్డు కూడా పైకి వచ్చేస్తుంది.