ఏసీ గ్యాస్ యంత్రానికి ఫిల్టర్ మార్పు: బాలానగర్ సర్వీసు కేంద్రంతో మా అనుభవం

మూసాపేటలోని మా కార్ల ఏసీ షెడ్డులో, పాత గ్యాస్‌ను వెనక్కి తీసి శుద్ధి చేసి మళ్లీ నింపే యంత్రం ఒకటి ఉంది. రోహిణి కార్తె ఎండల్లో వరుసకట్టిన కార్లకు విశ్రాంతి లేకుండా పనిచేసిన ఆ యంత్రం, మృగశిర ప్రవేశించిన వారానికే, ఫిల్టర్ మారిస్తే గాని కదలనని మొరాయించింది. దానిలోని లెక్క ప్రకారం ఒక్కో ఫిల్టర్ 150 కిలోల గ్యాస్ వరకే పనికి వస్తుంది. చిన్న కారుకు అర కిలో చొప్పున చూసుకున్నా సుమారు 300 కార్లు.

ముందుగా సంప్రదించిన ఒక మెకానిక్, ఫిల్టర్ జోలికి పోకుండా లెక్కను మాత్రం సున్నాకు తెస్తానని, ఖర్చు కలిసివస్తుందని నచ్చజెప్పబోయాడు. ఫిల్టర్ లోపల తేమను పీల్చే పూసలు తేమతో నిండిపోయిన తరువాత గ్యాస్‌ను ఎన్నిసార్లు తిప్పినా ఆ తేమ తరువాతి కారులోకే చేరుతుంది. అక్కడ గ్యాస్ సన్నని దారిలో దూరి చల్లబడే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూసివేయవచ్చు, లేదా గ్యాస్‌తోనూ నూనెతోనూ కలిసి ఆమ్లాన్ని పుట్టించి కంప్రెసర్‌ను లోలోపలే తినివేయవచ్చు. ఆ కంప్రెసర్ ఖరీదు మాత్రం మెకానిక్ కట్టడు కదా. అందుకే బాలానగర్‌లోని సర్వీసు కేంద్రాన్ని పిలిచాము.

ఉదయం వస్తామన్నవారు సాయంత్రం నాలుగింటికి వచ్చారు. అయితే వచ్చిన యువకుడి పనితనం ఆ విసుగును చాలావరకు పోగొట్టింది. పాత ఫిల్టర్‌లో మిగిలిన గ్యాస్‌ను మొదట యంత్రపు ట్యాంకులోకే లాగించి, ఆ తరువాతే దాన్ని విప్పాడు. ఇంతకుముందు వచ్చినవారు బిగింపు వదులు చేసి బుస్సుమని గాలిలోకి వదిలేసేవారు; ఆర్-134ఎ అనే ఆ గ్యాస్, నూరేళ్ల లెక్కలో, బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. కొత్త ఫిల్టర్ మూతలు ముందే తీసి పెడితే అది గాలిలోని తేమనే పీల్చుకుంటుంది కనుక, బిగించే క్షణం వరకు వాటిని తీయలేదు. ఈ జాగ్రత్త ఎంత మేలు చేసిందో వెంటనే తెలిసింది: అతుకుల దగ్గర గ్యాస్ కారకుండా వేసే రబ్బరు వలయాలు, అంటే ఓ రింగులు, రెండు మార్చవలసి ఉండగా ఒక్కటే తెచ్చుకున్నాడు. పాతదే సర్దుతానంటే నేను ఒప్పుకోలేదు. రెండవది రాణిగంజ్ వెళ్లి తెచ్చేసరికి గంటన్నర పట్టింది, అంతసేపూ ఫిల్టర్ మూతలతోనే ఉంది. తరువాత రింగులకు నూనె రాసి, బాణం గుర్తు చూసుకుని బిగించి, లోపలి గాలినంతా పంపుతో అరగంట లాగించి (వాక్యూమ్), పంపు ఆపాక ఎక్కడా కారడం లేదనడానికి గుర్తుగా పీడనం చూపే ముల్లు కదలడం లేదని ఇరవై నిమిషాలు నాకు చూపించాడు.

వాక్యూమ్ పంపు నూనె పాలలా తెల్లబడిందని పట్టుకున్నది కూడా అతడే. పది గంటల వాడకానికి ఒకసారి మార్చవలసినదాన్ని నేను నెలల తరబడి మరచిపోయాను.

గ్యాస్‌ను తూచే యంత్రపు తూకం సరిచూడకుండానే వెళ్లిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. చిన్న కారులో యాభై గ్రాముల తేడా కూడా చల్లదనంలో తెలుస్తుంది. మరునాడు తెలిసిన బరువు పెట్టి నేనే చూసుకోవలసి వచ్చింది. బిల్లులో ఫిల్టర్ ధర, కూలి విడివిడిగా చూపలేదు, ఫిల్టర్ నంబరూ రాయలేదు. అడిగితే రెండు రోజుల తరువాత వేరే బిల్లు పంపారు. వచ్చేసారి కూడా వీరినే పిలుస్తాను, ఓ రింగులు మాత్రం ముందే కొని పెట్టుకుంటాను.