‘ఊరికే ఇస్తున్నాను’ అన్న కోడిపిల్లలను గుమ్మం దాటనివ్వకండి

పెరట్లో పాతికో యాభయ్యో కోళ్లు పెంచుకుందామని పిల్లల కోసం వెతుకుతున్నవారు, ముఖ్యంగా కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు వారు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఫోనులో ఫొటోలు పంపి ‘అసలైన నాటు పిల్లలు, టీకాలన్నీ వేసినవి’ అని అమ్మే ఒకతని చేతిలో నేను మోసపోయాను. పోయిన డబ్బు ఆరు వేల వంద రూపాయలు. అది మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ తరువాత పరిహారం పేరుతో అతను ఊరికే పంపిన ఇరవై పిల్లల వల్ల మా అత్తగారు ముప్పై ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన కోళ్ల సంతతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అది మాత్రం ఎక్కడా కొనలేను.

మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటి వెనుక అరవై సెంట్ల కొబ్బరితోట. అత్తగారి కోళ్లు పగలంతా కొబ్బరి మొదళ్లలో చెత్త గీరి పురుగులు ఏరుకుని, పొద్దువాలితే గంపల దగ్గరికి వచ్చేవి. మొత్తం పదిహేడు. అన్నీ ఒకే వంశం. వాటి మూలం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక పెట్ట. గుడ్లు అమ్మింది తక్కువ, పొదుగు పెట్టింది ఎక్కువ. ఈ మందకు ఇంకో వంద పిల్లలను కలుపుదామన్న ఆలోచన నాది. నాటుకోడికి మంచి ధర ఉంది, మిల్లులో ఊక దొరుకుతుంది, నూకలకూ తవుడుకూ ఇంట్లో కొదవ లేదు. నిరుడు జూలైలో ఆర్డరు పెట్టాను.

అతను పిల్ల ఒక్కటికి 55 రూపాయలు చెప్పాడు. వంద పిల్లలకు 5,500, రవాణాకు 600. మొత్తం ముందే ఫోనులో పంపమన్నాడు. రావులపాలెం దగ్గర ఫారం ఉందన్నాడు, వచ్చి చూసుకుంటానంటే ‘బయటివారిని లోపలికి రానివ్వకూడదు అక్కా, రోగాలు వస్తాయి’ అన్నాడు. ఆ మాటకే నేను పడిపోయాను. ఎందుకంటే 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు గోదావరి జిల్లాల్లో అందరం చూశాం. ఆ ఫారాల్లో కోళ్లను చంపి పూడ్చారు, చుట్టుపక్కల కోడినీ గుడ్డునూ కదలనివ్వలేదు. అంత జరిగాక ఫారంలోకి మనిషిని రానివ్వకపోవడం న్యాయమే కదా అనుకున్నాను. షెడ్డులోకి రానివ్వకపోవడం నిజంగానే న్యాయం. కానీ బిల్లు ఇవ్వకపోవడం, హ్యాచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే చోటు) పేరు చెప్పకపోవడం, ఏ తేదీన పొదిగిన పిల్లలో చెప్పకపోవడం జాగ్రత్త కిందికి రావు. ఆ తేడా నేను అప్పుడు పట్టుకోలేకపోయాను.

డబ్బా తెల్లవారుజామున బస్సులో వచ్చింది. హ్యాచరీలు వాడే మామూలు డబ్బానే. లోపల నాలుగు గదులు, గదికి పాతిక పిల్లలు. దాని మీద హ్యాచరీ పేరు ఉండాల్సిన చోట అట్టను బ్లేడుతో నీటుగా చెక్కేశారు. వాడిన డబ్బాను మళ్లీ వాడితే పాత రెట్టతో పాటు పాత రోగం కూడా వస్తుంది. మీ చేతికి ఇలాంటి డబ్బా వస్తే ఇంటికి తీసుకెళ్లకండి, అక్కడికక్కడే తిప్పి పంపండి. డబ్బాలో మూడు చనిపోయి ఉన్నాయి. ఒక గదిలో మాత్రం గోధుమ చారలవి, నల్లవి ఉన్నాయి. మిగిలిన మూడు గదుల్లోనూ అచ్చంగా పసుపుపచ్చని పిల్లలు. ఫోను చేస్తే ‘పెరిగేకొద్దీ రంగులు వస్తాయి అక్కా’ అన్నాడు.

ఒక పిల్లను అరచేతిలోకి తీసుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఒక రోజు వయసు పిల్ల చేతిలో కుదురుగా ఉండదు, కాళ్లతో తన్నుతుంది, గట్టిగా అరుస్తుంది. ఇది కళ్లు మూసుకుని వేళ్ల మధ్య ఒరిగిపోయింది. వెల్లకిలా తిప్పితే బొడ్డు మానలేదు, ఎర్రగా, తడిగా ఉంది. వెనుక నూగుకు తెల్లటి రెట్ట సున్నంలా గట్టిపడి దారి మూసేసింది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిచాను. అలాంటివి ఆ డబ్బాలో పదిహేను దాకా లెక్కపెట్టాను. మీరు పిల్లలను తీసుకునేటప్పుడు ఈ రెండు చోట్లూ తప్పకుండా చూడండి, బొడ్డు, వెనుక భాగం. ఒకటి రెండు కాదు, చేతికి వచ్చిన పదింటిని చూడండి.

పెంపకంలో లోపం చేశానని ఎవరైనా అంటారేమో, అందుకే చెబుతున్నాను. మూడంగుళాల ఊక పోసి, దాని మీద కాగితాలు పరిచి, చుట్టూ రేకు కట్టి, పిల్లలను బల్బుల వేడితో వెచ్చగా ఉంచే బ్రూడర్ ముందు రోజే సిద్ధం చేశాను. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలంటారు, థర్మామీటరు పెట్టి చూసుకున్నాను. వర్షాలకు కరెంటు పోతుందని బల్బులకు ఇన్వర్టరు పెట్టాం. రాగానే కాచి చల్లార్చిన బెల్లం నీళ్లు ఇచ్చి, తరువాతే దాణా వేశాను. అయినా తొమ్మిది రోజుల్లో ముప్పై ఎనిమిది చనిపోయాయి.

చనిపోయిన పిల్లలను పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఒకదాన్ని కోసి చూపించారు. కడుపులో పచ్చసొన కరగకుండా ముద్దలా అలాగే ఉంది. పొదిగాక రెండు మూడు రోజులు పిల్లకు అదే ఆహారం. కాలేయం మీద తెల్లటి చిన్న చిన్న మచ్చలు. ‘ఇది తెల్లపారుడు అమ్మా. తల్లికోడి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు వస్తుంది. మంచి హ్యాచరీలు తల్లికోళ్లకు రక్తపరీక్ష చేయించి రోగమున్న వాటిని తీసేస్తాయి. మీకు అమ్మినవాడు అలాంటి చోట కొనలేదు’ అన్నారు. బతికినవాటిలో కూడా రోగం దాగి ఉంటుందని, వాటిని ఇంటి కోళ్లతో ఎప్పటికీ కలపవద్దని గట్టిగా చెప్పారు. కలపలేదు.

ఆరో వారానికి మిగిలినవి నలభై ఒకటి. ఒక రోజు దాణా వేస్తూ చూస్తే అన్నిటి తలల మీదా ఎర్రటి జుట్టు నిగనిగలాడుతూ లేస్తోంది. ముప్పై ఆరింటికి తెల్లటి ఈకలు, సన్నటి ఒళ్లు. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూశాను. నలభై ఒకటిలో ఒక్క పెట్ట కూడా లేదు. పుంజూ పెట్టా వేరు చేయని పిల్లలను కొంటే దాదాపు సగం పెట్టలు రావాలి. అప్పుడు అర్థమైంది. మన వైపు గుడ్ల కోసం పెంచే లేయర్ ఫారాలు ఎక్కువ. ఆ హ్యాచరీల్లో పుట్టిన రోజే పుంజుపిల్లలను వేరు చేసేస్తారు. అవి గుడ్డు పెట్టవు, ఒంటికి మాంసం పట్టదు, ఎంత తిన్నా బ్రాయిలర్‌లా పెరగవు. అందుకే వాటికి విలువ లేదు. వాటినే కొన్ని రంగు పిల్లలతో కలిపి నాటు పిల్లలంటూ నాకు 55 రూపాయల లెక్కన అమ్మాడు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇంత పొడవున రాసేదాన్ని కాదు. మోసం గురించి నలుగురికీ చెబుతానని అతనికి మెసేజి పెట్టాను. అప్పటిదాకా ఎత్తని ఫోను వెంటనే మోగింది. ‘మీ నష్టం నేను ఉంచుకోను అక్కా. నెల దాటిన నాటు పిల్లలు ఇరవై, అన్నీ పెట్టలే, ఊరికే పంపిస్తున్నాను. రవాణా కూడా నాదే’ అన్నాడు. రెండో రోజు సాయంత్రం వచ్చాయి. అవి నిజంగా నాటువే. డేగ రంగువి, కాకి రంగువి, చూడడానికి ముచ్చటగా ఉన్నాయి. ఆ రోజు కుండపోత వాన. బ్రూడర్ గదిలో పుంజులు ఉన్నాయి, వీటిని వాటితో కలపకూడదు కదా అని జాగ్రత్త పడ్డాను. ఆ జాగ్రత్తలోనే అసలు తప్పు జరిగింది. వీటిని తీసుకెళ్లి అత్తగారి కోళ్ల పక్కన, అదే వసారాలో గంపల కింద ఉంచాను. మరునాడు అన్నీ కలిసే తోటలోకి వెళ్లాయి, ఒకే మూకుడులో నీళ్లు తాగాయి.

అయిదో రోజు కొత్తవాటిలో ఒకటి రెక్కలు జార్చి కునికిపాట్లు పడుతూ కనిపించింది. ఆకుపచ్చ రెట్ట. మరునాటికి మూడు. తరువాత అత్తగారి కోళ్లకు మొదలైంది. ఆమె నల్లపెట్ట నీళ్ల మూకుడు దగ్గర నిలబడి తాగుదామని తల వంచితే మెడ మెలితిరిగి ఆకాశం వైపు తిరిగిపోయేది. ముక్కు నీటికి ఆనేది కాదు. మళ్లీ వంచేది, మళ్లీ తిరిగిపోయేది. అత్తగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉద్ధరిణెతో చుక్క చుక్కగా నీళ్లు పోశారు. మూడో రోజు తెల్లవారేసరికి అది చనిపోయింది. డాక్టరు గారు కొక్కెర తెగులు అన్నారు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకాయే దారి. మా కోళ్లకు ఏనాడూ టీకా వేయించలేదు. బయటి కోడి గడప తొక్కలేదు కాబట్టి ఇన్నేళ్లు గడిచిపోయింది. పదిహేడులో పదిహేను పోయాయి.

అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. గంపలన్నీ కడిగి, ఎండబెట్టి, అటక మీద పెట్టేశారు.

తెగులు తగిలిన మందను వదిలించుకోవాలనుకునేవాడికి ఊరికే ఇవ్వడం కంటే సులువైన మార్గం లేదు. ఊరికే వచ్చిన దానికి మనం బిల్లు అడగం, టీకాల వివరం అడగం, వంక పెట్టడానికి మొహమాటపడతాం. అందుకే చెబుతున్నాను, కొన్నవైనా, చుట్టాలు ఇచ్చినవైనా, సంతలో తెచ్చినవైనా, కొత్త కోడిని మూడు నాలుగు వారాలు ఇంటి కోళ్లకు దూరంగా ఉంచండి. దూరమంటే పక్క గంప కాదు. తోటకు ఆ చివర, వేరే నీళ్లు, వేరే దాణా. ముందు ఇంటి కోళ్లకు మేత వేసి, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. కాళ్లూ చేతులూ కడుక్కోకుండా తిరిగి రాకండి. అంత చోటు లేకపోతే కొత్త కోడిని తేవద్దు.

టీకాల సంగతి. మొదటి వారంలో కొక్కెర తెగులుకు వేసే లసోటా కంట్లో గానీ ముక్కులో గానీ ఒక చుక్క, రెండో వారంలో గంబోరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో కొక్కెర తెగులుకే ఆర్‌2బి ఇంజెక్షన్ అని మా డాక్టరు గారు రాసిచ్చారు. మీ ప్రాంతానికి తగ్గట్టు మీ డాక్టరును అడిగి తేదీలు వేసుకోండి. ఒక సీసా వంద కోళ్లకు, అంతకు మించి కూడా వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఐసులో తెచ్చుకోవాలి. పది కోళ్ల కోసం ఒక్క ఇల్లే సీసా కొనడం దండగ కాబట్టి వీధిలో పది ఇళ్లు కలిసి ఒకే పూట వేయించుకోవడం మంచిది. ఇప్పుడు మా వీధిలో అలాగే చేస్తున్నాం.

ఇంకో మాట, దీన్ని చేతులు జోడించి చెబుతున్నాను. చనిపోయిన కోళ్లను పంట కాలువలో వేయకండి. మా ఊళ్లో అది అలవాటు. ఆ కాలువ నీళ్లే దిగువ ఊళ్లలో కోళ్లూ బాతులూ తాగుతాయి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. మేం పదిహేనింటినీ అలాగే పూడ్చాం.

పిల్లలు కావాలంటే ఎక్కడ కొనాలి అని చాలామంది అడుగుతున్నారు. వనరాజ, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం తయారుచేసిన రకాలు. అక్కడ ముందుగా అడిగి పెట్టుకుంటే ఇస్తారు. అవి నాటు కోళ్లు కావు, పెరట్లో తిరిగి బతకగలిగేలా రూపొందించినవి. వనరాజ గుడ్డుకూ మాంసానికీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్డుకు. పొదుగుకు కూర్చునే గుణం వాటికి లేనట్టే. ‘వనరాజ నాటు పిల్లలు, పెద్దయ్యాక అవే పొదుగుతాయి’ అని ఎవరైనా చెబితే ఆ మనిషికి తను అమ్మేది ఏమిటో తెలియదు, లేదా తెలిసే చెబుతున్నాడు. అచ్చమైన నాటు కావాలంటే తెలిసిన ఇంట్లో గుడ్లు తీసుకుని పొదుగు పెట్టుకోవడమే నయం. ఇరవై ఒక్క రోజులు ఓపిక పట్టాలి, అంతే. ఎవరి దగ్గర కొన్నా పొదిగిన తేదీ, రకం, వేసిన టీకాలు రాసిన బిల్లు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. రోజు పిల్లను చూసి జాతి పోల్చుకోవడం మనవల్ల కాదు. ఆ కాగితమే ఆధారం.

డబ్బు పంపాక అవతలివాడు మాయమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. నాసిరకం సరుకు మీద ఫిర్యాదుకు వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ఉంది. నేను నెలన్నర ఆగి చేశాను. బిల్లు లేదు, డబ్బా మీద పేరు లేదు, అతని నంబరు మారిపోయింది.

నంబరు మారినా ఫొటో మారలేదు. మొన్న మా వీధిలో ఒకావిడకు అదే ఫొటో వచ్చింది, అదే రావులపాలెం మాటతో. తడిక పక్కన తల్లికోడి, చుట్టూ రంగురంగుల పిల్లలు. ఈసారి ఫొటోను పెద్దది చేసి చూశాను. ఆ కోళ్లు గీరుతున్న నేల ఇటుకపొడిలా ఎర్రగా ఉంది. రావులపాలెంలో అయినా, ఇటు రాజోలులో అయినా కాలు పెడితే ఒండ్రుమట్టి. అంత ఎర్రనేల చూడాలంటే డెల్టా దాటి మెట్టకు పోవాలి. మీకు ఆ ఫొటో వస్తే ముందు కోళ్ల కింద మట్టిని చూడండి.