రిమోట్ జాబ్ అన్నారు, మాదాపూర్ రమ్మన్నారు
అమీర్‌పేటలో ఒక జాబ్ కన్సల్టెన్సీ, పేరు చెప్పను. 2/5. మా తమ్ముడు విజయవాడలో ఉంటాడు, రియాక్ట్ (జావాస్క్రిప్ట్‌తో వెబ్ పేజీలు కట్టే టూల్) బాగా వచ్చు, ఇంటి నుంచి చేసే వెబ్ డెవలపర్ జాబే కావాలని ముందే క్లియర్‌గా చెప్పాడు, వీళ్లేమో రెజ్యూమ్‌లో జావాస్క్రిప్ట్ అని కనపడగానే జావా పోస్టులకి పంపేస్తున్నారు, అవి వేరు వేరు లాంగ్వేజీలు, రెండూ ఒకటే అనుకుంటున్నారేమో మరి! ఇంకోటి రిమోట్ అనే పంపారు, తీరా చివరి రౌండ్‌లో హైబ్రిడ్ అంట, వారానికి మూడు రోజులు మాదాపూర్ రావాలంట. పోనీ నిజంగా రిమోటే దొరికినా, అమెరికా క్లయింట్ అయితే న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర, అక్కడి నుంచి అర్ధరాత్రి దాకా మీటింగులే, ఆ ముక్క కూడా చెప్పరు. రియాక్ట్ బయటికొచ్చిందే 2013లో, దాంట్లో 15 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్ అడిగిన పోస్టుని చదవకుండానే ఫార్వర్డ్ చేశారు 😂

డబ్బులైతే ముందు అడగలేదు, ఫోన్ చేస్తే ఎత్తుతారు, అక్కడి మేడమ్ మర్యాదగానే మాట్లాడతారు. హైదరాబాద్‌లోనే ఉండి ఆఫీసుకెళ్లే టెస్టింగ్, సపోర్ట్ జాబులకైతే ట్రై చేయొచ్చు. రిమోట్ ఫ్రంటెండ్ (వెబ్‌సైట్‌లో మనకి కనపడే భాగం చేసే పని) కావాలంటే మాత్రం గిట్‌హబ్ (మన కోడ్ పెట్టుకునే సైట్) లింక్ పెట్టుకుని డైరెక్ట్‌గా కంపెనీలకే అప్లై చేసుకోండి.