పవర్ బీఐ గేట్‌వే: సర్వర్ దొరకలేదంటే ఏది దొరకనట్టు?

విజయవాడలో మాది విద్యుత్ సామగ్రి టోకు దుకాణం. బిల్లులు కొట్టే కంప్యూటరే మా సర్వర్. అందులో లెక్కలు దాచే డేటాబేసు ప్రోగ్రాము ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. ఆ లెక్కలను, వాటితో రిపోర్టులూ డ్యాష్‌బోర్డులూ చూపే మైక్రోసాఫ్ట్ సేవ పవర్ బీఐకి చేరవేసే గేట్‌వే ప్రోగ్రామును పక్కగదిలోని మరో డెస్క్‌టాప్‌లో రెండేళ్లుగా వాడుతున్నాం. ఈ గేట్‌వేకు విడిగా రుసుము లేదు. ఇది లోపలి నుంచి బయటికి తానే కనెక్షను తెరుచుకుంటుంది కనుక, బయటివారు లోపలికి రావడానికి రూటరులో ఏ పోర్టునూ (కనెక్షన్లు వచ్చే, అంకెతో గుర్తించే దారి) తెరవవలసిన పని ఉండదు. చిన్న వ్యాపారాలకు దీన్ని నేను సిఫారసు చేయడానికి మొదటి కారణం ఇదే.

అయితే కనెక్షను తెగినప్పుడు దీని ప్రవర్తన ఎలా ఉంటుందన్నది తెలియకపోతే రెండు రోజులు వృథా అవుతాయి. మాకు అలాగే అయ్యాయి. ఒక శనివారం రాత్రి దుకాణం కట్టేశాక సర్వర్‌లో కొత్త యాంటీవైరస్ వేయించాం. సోమవారం మధ్యాహ్నం దాటినా డ్యాష్‌బోర్డు శనివారం అమ్మకాల దగ్గరే ఆగి ఉంది. నా కంప్యూటరు నుంచి రిఫ్రెష్ చేసి చూస్తే, సర్వర్ దొరకలేదనీ, నెట్‌వర్కులోనో ఇన్‌స్టెన్స్‌లోనో (కంప్యూటరులో నడిచే ఒక్కో డేటాబేసు సర్వర్) పొరపాటు ఉందనీ చెప్పే ఆ పొడవాటి ఇంగ్లీషు సందేశమే వచ్చింది. పింగ్ చేస్తే సర్వర్ పలుకుతోంది, బిల్లులు యథావిధిగా వస్తున్నాయి, కాబట్టి సర్వర్‌లో లోపం లేదని తేల్చేసి, సాయంత్రం దాకా గేట్‌వేనే అనుమానించాను.

అక్కడే నేను పొరబడ్డాను. బిల్లింగ్ జరిగేది సర్వర్ ఉన్న కంప్యూటరులోనే కాబట్టి దానికి నెట్‌వర్కుతో పని లేదు. అది నడుస్తోందంటే డేటాబేసు బతికి ఉందని మాత్రమే అర్థం. పింగ్ పలికిందంటే కంప్యూటరు చేరువలో ఉందని తెలుస్తుందే గాని, డేటాబేసు వినే పోర్టు తెరిచి ఉందని కాదు. అసలు ఆచూకీ సందేశం చివర ఉన్న 26 అనే అంకెలో ఉంది. అడిగిన ఇన్‌స్టెన్స్ ఎక్కడుందో కనుక్కోలేకపోయామని దాని భావం. ఎక్స్‌ప్రెస్ వంటి పేరున్న ఇన్‌స్టెన్స్‌కు మామూలుగా స్థిరమైన పోర్టు ఉండదు. అది ఏ పోర్టులో ఉందో చెప్పేది ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ అనే సర్వీసు, అది మాట్లాడేది యూడీపీ అనే పద్ధతిలో 1434 పోర్టు మీద. కొత్త యాంటీవైరస్ తెచ్చిన ఫైర్‌వాల్ (అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా) ఆ దారిని మూసేసింది. అదే 18456 అని వచ్చి ఉంటే సర్వర్ దాకా చేరామనీ, లాగిన్ దగ్గర ఆగామనీ అర్థం. సందేశం ఎంత పొడవున్నా ముందు చదవవలసింది అంకెనే.

మంగళవారం ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజరు తెరిచి, టీసీపీ అమరికల్లో డైనమిక్ పోర్టు గడిని ఖాళీ చేసి, కింది గడిలో 1433 అని రాసి, సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టుకు, మా ఆఫీసు నెట్‌వర్కు వరకే అనుమతి ఇచ్చాను. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లోని టెస్ట్ నెట్‌కనెక్షన్ ఆదేశానికి పోర్టు సంఖ్య జతచేస్తే ట్రూ అని వచ్చింది. ఇక రిపోర్టులో సర్వర్ పేరు తరువాత కామా పెట్టి 1433 రాయాలి; అలవాటు కొద్దీ కోలన్ పెట్టి మరో పావుగంట పోగొట్టుకున్నాను.

నా కంప్యూటరులో రిపోర్టు తాజా అయింది, గేట్‌వే మాత్రం ముందుకు కదలలేదు. రిపోర్టులో సర్వర్ పేరు ఎలా రాశామో గేట్‌వేలోనూ అలాగే నమోదై ఉండాలి. ఒకచోట పేరు, మరొకచోట ఐపీ చిరునామా ఉన్నా రెండూ ఒకటేనని అది గుర్తించదు. నేను రిపోర్టులో కామాతో మార్చి, గేట్‌వేలో పాత పేరే వదిలేశాను. కొత్త పేరుతో మళ్లీ నమోదు చేశాక పని జరిగింది.

గేట్‌వేలో డయాగ్నస్టిక్స్ అనే భాగం ఉంది. అందులోని పోర్టు పరీక్ష బాగా పనిచేస్తుంది, కానీ అది చూసేది 443, 5671 వంటి బయటి దారులనే. డేటాబేసు వైపు దారిని కూడా అదే తెరమీద పరీక్షించి చూపితే, మావంటి ఐటీ మనిషి లేని దుకాణాలకు సగం శ్రమ తప్పుతుంది. గేట్‌వే ఉన్న కంప్యూటరు నిద్రలోకి జారకుండా పవర్ అమరికలు మార్చుకోవాలన్నది కూడా మొదటి రోజే చేయవలసిన పని.

బుధవారం ఉదయం డ్యాష్‌బోర్డు మళ్లీ పాత అంకెలే చూపింది. వరుసగా నాలుగుసార్లు రిఫ్రెష్ విఫలమైతే వేళకు దానంతటదే రిఫ్రెష్ జరిగే షెడ్యూలును పవర్ బీఐ తానే ఆపేస్తుంది. మాది రోజుకు మూడుసార్లు కాబట్టి ఆదివారం మూడు, సోమవారం ఉదయం ఒకటి కలిసి లెక్క సరిపోయింది. ఆ సంగతి ఈమెయిల్‌లో తెలియజేశారు కూడా, కానీ రిపోర్టు నా పాత ఆఫీసు ఖాతా పేరిట ఉంది, దాన్ని నేను నెలకోసారి తెరుస్తాను. షెడ్యూలును చేత్తో మళ్లీ ఆన్ చేసి, వైఫల్యం ఎదురైతే కబురు అందవలసినవారి జాబితాలో మా యజమాని చిరునామా కూడా చేర్చాను. ఇప్పుడు కనెక్షను తెగితే నాకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.