అనంతపురం బోరు నీళ్లు, మా మెషీన్ హీటర్

ఏళ్ల తరబడి వాడాక మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ మీద నా అభిప్రాయం: ఉతుకు బాగుంటుంది, నీళ్లు తక్కువ పడతాయి, హీటర్ మాత్రం అనంతపురం బోరు నీళ్లకు తట్టుకోదు. కుళాయి చుట్టూ తెల్లగా ఉప్పు కట్టినట్టే లోపల హీటర్ రాడ్‌కీ కడుతుంది.

అది పోయిన సంగతి వెంటనే తెలియదు. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాలుతూ దిగుతాయి, ఇక హీటర్‌తో పనేముంది? చలి మొదలయ్యాక కాలర్ల మురికి వదలట్లేదని ఇంట్లో గొడవ. ఎర్రర్ కోడ్ రాలేదు. కాటన్ ప్రోగ్రామ్ 60 డిగ్రీల మీద పెట్టినా తలుపు అద్దం చల్లగానే ఉంది.

మీకూ ఇలాగే అయితే ముందు ప్రోగ్రామ్ చూడండి, కోల్డ్‌లో పెడితే ఏ మెషీనూ నీళ్లు కాచదు. తర్వాత కరెంటు మీటర్ దగ్గరికి వెళ్లండి. హీటర్ సుమారు 2 కిలోవాట్లు లాగుతుంది కాబట్టి అది ఆన్ అయితే మీటర్ లైటు టకటకా కొట్టుకోవాలి. మాది నింపాదిగా వెలుగుతూ ఆరుతూ ఉంది. ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. వోల్టేజీ కూడా గమనించండి: 230 నుంచి 180కి పడితే హీటర్ పవర్ దాదాపు 40 శాతం తగ్గుతుంది. అప్పుడు నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

కంపెనీ సర్వీసు నుంచి వచ్చినాయన మెషీన్ విప్పకుండానే బోర్డు, అంటే మెషీన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, మార్చాలన్నాడు. ఆ రేటు విన్నాక టెన్షన్ వచ్చి, టవర్ క్లాక్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్‌ను పిలిచాను. ఆయన ప్లగ్ పీకి, హీటర్ వైర్లు విడదీసి మల్టీమీటర్ పెట్టాడు. 2 కిలోవాట్ల రాడ్‌కి రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) 26 ఓమ్‌ల దరిదాపుల్లో చూపించాలి. మాదానికి ఏమీ చూపించలేదు.

"రాడ్ కాలిపోయింది సార్, బోర్డుకేం కాలేదు" అన్నాడు. టెంపరేచర్ సెన్సర్‌ను కూడా వేడినీళ్లలో ముంచి చూశాడు. వేడెక్కేకొద్దీ దాని ఓమ్‌లు తగ్గాలి, తగ్గాయి.

బయటికి తీసిన రాడ్ నిండా సున్నం పెళ్లలే. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు, రాడ్ లోలోపలే కాగి మాడిపోతుంది.

కొత్త రాడ్ వేశాక అప్పుడప్పుడూ బట్టలు లేకుండా, నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల మీద తిప్పుతున్నాం. ఆ సమయంలో బ్లీచింగ్ పౌడర్ జోలికి వెళ్లకూడదు, విషవాయువు వస్తుంది. కొనబోయేవాళ్లు షాపులోనే అడగండి: హీటర్ విడిగా దొరుకుతుందా, ఎంత, సున్నం పట్టి పోతే వారంటీ ఇస్తారా?